లైన్ క్లియర్

'ఏం చేస్తుంటావు బాబూ?' అని పెళ్ళిళ్ళలో ఎవరైనా అడిగితే 'సర్వర్లు చూసుకుంటానండీ' అని చెప్పడం ఎప్పుడో మానేశాను. 'ఏ హోటల్లో?' అని వెంటనే రెండో ప్రశ్న వచ్చేది మరి! ఇప్పుడు 'కంప్యూటర్ల పని' అనేసి ఊరుకుంటున్నాను. ఆలోచిస్తే ఆ రెండో ప్రశ్నలో తప్పేమీ లేదు. హోటల్లో సర్వరు చేసేదీ, మా గదిలో సర్వరు చేసేదీ ఒకటే పని. అడిగినవాళ్ళకి అడిగింది తెచ్చిపెట్టడం. మీరు ఇంటర్ ఫలితాల కోసమో, రైలు టిక్కెట్టు కోసమో మీట నొక్కగానే ఎక్కడో ఒక గదిలో ఉన్న యంత్రం ఆ పేజీ వెతికి మీ ముందు పెడుతుంది. అదే సర్వరు.

మరి ఆ సర్వరుకి జ్వరమొస్తే? హోటల్లో అయితే ఇంకో కుర్రాడు వచ్చి 'ఇడ్లీ చెప్పింది మీరేనాండీ' అంటాడు. కంప్యూటర్లలోనూ అంతే. ఒకే పనికి రెండు యంత్రాలు పెడతాం. ఒకటి పనిచేస్తుంటే రెండోది పక్కన కాచుకుని ఉంటుంది. మొదటిది పడిపోతే రెండోది అందుకుంటుంది. ఇలా జట్టుకట్టిన యంత్రాలను క్లస్టర్ అంటారు. పని చేతులు మారడాన్ని ఫెయిలోవర్ అంటారు. ఇరవయ్యేళ్ళకు పైగా నా ఉద్యోగం ఇదే. ఇందులో ఓ చిత్రముంది. బాగా చేస్తే, చేసినట్టు ఎవరికీ తెలీదు. తెలిసిందంటే ఏదో చెడిందన్నమాట.

'ఇంతేనా? కరెంటు పోతే ఇన్వర్టరు అందుకున్నట్టే కదా' అంటారు మా ఇంటికొచ్చిన చుట్టాలు. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. కానీ కరెంటు పోయిందో లేదో తెలుసుకోవడం తేలిక. ఫ్యాను ఆగిపోతుంది. ఒక యంత్రం నిజంగా పోయిందా, లేక మనతో మాట్లాడటమే మానేసిందా అన్నది తేల్చడం మాత్రం తేలిక కాదు. ఈ తేడా నాకు అర్థమయ్యేలా చెప్పింది ఏ ఇంజినీరో కాదు. జన్మలో కంప్యూటర్ ముట్టని మా నాన్న.

నాలుగు అంకెలు

ముందు సంగతేంటో చెప్పాలి. 1990ల చివర్లో అలన్ రాబర్ట్‌సన్ అనే ఆయన లినక్స్-హెచ్ఏ అని ఒక ప్రాజెక్టు మొదలుపెట్టాడు. అందులోని సాఫ్ట్‌వేర్ పేరు హార్ట్‌బీట్. అంటే గుండె చప్పుడు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా పనంతా దాంతోనే. రెండు యంత్రాలూ ఒకదానికొకటి 'ఉన్నాను... ఉన్నాను...' అని చెప్పుకుంటూ ఉంటాయి. ఆ చప్పుడు ఆగితే రెండోది రంగంలోకి దిగుతుంది. అంతవరకూ మొదటి యంత్రం దగ్గరున్న ఇంటర్నెట్ చిరునామాను తాను తీసుకుని 'ఇకనుంచి ఈ చిరునామా నాది' అని నెట్‌వర్కంతా దండోరా వేస్తుంది. బయటున్న మీకు ఇదేమీ తెలీదు. పేజీ రావడం రెండు క్షణాలు ఆలస్యమైందని అనుకుంటారంతే.

దీన్ని నడిపించే ఫైల్లో ముఖ్యమైనవి నాలుగు అంకెలు. దాంతోపాటు వచ్చే నమూనా ఫైల్లో అవి 2, 10, 30, 120 అని ఉండేవి. అన్నీ సెకన్లే. ప్రతి 2 సెకన్లకూ ఒకసారి 'ఉన్నాను' అని చెప్పాలి. 10 సెకన్లు ఏమీ వినపడకపోతే 'ఏదో తేడాగా ఉంది' అని పుస్తకంలో రాసుకోవాలి. 30 సెకన్లు వినపడకపోతే అవతలిది పోయినట్టే లెక్క. నాలుగోది అప్పుడే నిద్రలేచిన యంత్రాల కోసం. కరెంటు వచ్చి రెండూ ఒకేసారి మొదలైనప్పుడు ఒళ్ళు విరుచుకోడానికి టైము పడుతుంది కాబట్టి 120 సెకన్లు ఓపిక పట్టాలి.

వినడానికి ఎంతో సులువు. కానీ ఆ 30 దగ్గరే గొడవలన్నీ. 'అరనిమిషం సైటు ఆగిపోతే ఎలాగండీ? 5 పెట్టండి' అంటారు మేనేజర్లు. 5 పెడితే... అర్ధరాత్రి బ్యాకప్ నడుస్తూ ఊపిరాడని యంత్రం 6 సెకన్లు పలక్కపోయినా దానికి కర్మకాండ మొదలవుతుంది. పోనీ 300 పెడదామా? నిజంగా పోయినప్పుడు ఐదు నిమిషాలు జనం ఖాళీ తెర చూస్తూ కూర్చోవాలి.

ఆ ఐదు నిమిషాల విలువ ఎంతో ఒక లెక్క చెబుతాను. 'మా సర్వీసు 99 శాతం పనిచేస్తుంది' అని ఎవరైనా అంటే గొప్పగా అనిపిస్తుంది కదా? మిగిలిన ఒక్క శాతం ఏడాదికి మూడు రోజుల 15 గంటలకు పైనే. 99.9 శాతం అంటే సుమారు ఎనిమిదిముప్పావు గంటలు. 99.99 అంటే 52 నిమిషాల చిల్లర. 99.999 అంటే ఏడాది మొత్తానికి ఐదు నిమిషాలు దాటి కొన్ని సెకన్లు! టాండెం అనే అమెరికన్ కంపెనీ 1974లో పుట్టిందే ఈ తొమ్మిదుల కోసం. ఎక్కడ ఏ భాగం చెడినా పని ఆగని కంప్యూటర్లు తయారుచేసి, వాటికి నాన్‌స్టాప్ అని పేరు పెట్టి, 1976 నుంచి బ్యాంకులకూ అలాంటి సంస్థలకూ అమ్మింది.

రెండు నిజాలు

2006లో నగరంలోని ఓ ఆసుపత్రి కంప్యూటర్లను మా బృందానికి అప్పగించారు. అంతకుముందు చూసినవాళ్ళు ఎవరో మాకు తెలీదు. ల్యాబు రిపోర్టులన్నీ వార్డుల్లో తెరల మీద కనపడే ఏర్పాటు. రెండు యంత్రాలున్నాయి, గుండె చప్పుడుంది, అంతా బాగానే ఉంది. కానీ ఆ రెండింటినీ కలిపే తీగ ఒక్కటే. ఆ తీగను పట్టుకున్న స్విచ్ పెట్టె కూడా ఒక్కటే. మార్చాల్సిన వాటి జాబితాలో దాన్ని మొదటి వరుసలో రాసుకున్నాం. సామాను రావడానికి ముందే ఒక రాత్రి ఆ పెట్టె మొండికేసింది.

అప్పుడేమైందో ఊహించండి. రెండు యంత్రాలూ నిక్షేపంగా ఉన్నాయి. కానీ ఒకదాని మాట ఒకదానికి వినపడటం లేదు. మొదటిది 'రెండోది పోయింది, నేనెలాగూ పనిలోనే ఉన్నాను' అనుకుంది. రెండోది 'మొదటిది పోయింది, ఇక నేనే దిక్కు' అనుకుని పని అందుకుంది. 11 నిమిషాలపాటు ఆసుపత్రికి రెండు సర్వర్లు! కొన్ని వార్డులు దీనితో, కొన్ని వార్డులు దానితో మాట్లాడాయి. ల్యాబు నుంచి వచ్చిన కొత్త రిపోర్టులు కొన్ని ఇందులోకీ, కొన్ని అందులోకీ వెళ్ళాయి. మా భాషలో దీన్ని స్ప్లిట్ బ్రెయిన్ అంటారు. ఒకే మెదడు రెండు చెక్కలవడం.

సర్వరు ఆగిపోతే నష్టం కళ్ళకు కనపడుతుంది. ఇది అలా కాదు. తెర వెలుగుతూనే ఉంటుంది. అందులో ఉన్నది పాతదన్న సంగతే తెలీదు. ఐసీయూలో ఒక పేషెంటు పొటాషియం రిపోర్టు సాయంత్రానిదే కనపడుతోంది. రాత్రి పంపిన నమూనా ఫలితం రెండో యంత్రంలో ఉంది. డ్యూటీలో ఉన్న నర్సమ్మ తెరను నమ్మకుండా ల్యాబుకి ఫోన్ చేసి అడగబట్టి గండం గడిచింది. తెల్లవార్లూ ల్యాబు టెక్నీషియన్ తన రిజిస్టరు ముందేసుకుని ఒక్కో అంకె చదువుతుంటే, మేం ఏది ఏ యంత్రంలో ఉందో చూసి కలుపుకుంటూ వచ్చాం. ఆ కాగితం రిజిస్టరే లేకపోతే ఏది నిజమో చెప్పేవాళ్ళు లేరు.

ఆ వారం మార్కాపురం వెళ్ళినప్పుడు ఇదంతా నాన్నకి చెప్పాను. ఆయన రైల్వేలో స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరయ్యారు. గుంటూరు నుంచి నంద్యాల వైపు వెళ్ళే ఒంటి లైన్లో, మీటర్ గేజి రోజుల నుంచీ ఆయన ఉద్యోగం. అంతా విని, "మీకు టోకెన్ లేదుట్రా?" అన్నారు.

నాన్న చెప్పిన పాఠం

ఒంటి లైను మీద రెండు స్టేషన్లు. మధ్యలో ఒకే పట్టాల జత. రెండు వైపుల నుంచీ ఒకేసారి రైళ్ళు బయలుదేరితే ఇంకేముంది! అందుకని పాత రోజుల్లో రెండు స్టేషన్లలోనూ రెండు యంత్రాలుండేవి. వాటిని తీగతో కలిపేవారు. లోపల ఇనుప బంతులు. ఇక్కడి యంత్రంలోంచి బంతి రావాలంటే అవతలి స్టేషన్ మాస్టరు కూడా ఒప్పుకుని తన యంత్రాన్ని తిప్పాలి. ఒక బంతి బయటికి వచ్చిందంటే, దాన్ని అవతలి యంత్రంలోనో తిరిగి ఇవతలి యంత్రంలోనో వేసేదాకా రెండో బంతి రాదు. ఆ బంతిని తోలుసంచిలో పెట్టి, పెద్ద రింగుకి తగిలించి డ్రైవరు చేతికిస్తారు. రైలు కదులుతుండగానే ఆ రింగును చేత్తో అందుకోవడం మీలో చాలామంది చూసే ఉంటారు. బంతి చేతిలో ఉన్నవాడిదే లైను.

"మరి తీగ తెగిపోతే ఏం చేస్తారు నాన్నా?" అన్నాను. మా ఆసుపత్రిలో జరిగింది అదే కదా.

"అవతలాయన పలకటం లేదంటే లైను ఖాళీగా ఉన్నట్టు కాదురా చిన్నోడా. పలకటం లేదు, అంతే. ఆయన చచ్చాడనీ, రైలు రాదనీ నువ్వు అనుకోకూడదు. ముందు మనిషిని పంపాలి."

ఫోనూ, తీగా, వైర్‌లెస్సూ ఏదీ పనిచేయనప్పుడు ఒక ఖాళీ ఇంజినో, ట్రాలీయో నెమ్మదిగా అవతలి స్టేషనుకి పంపి, లైన్ క్లియర్ గురించి కాగితం మీద అడిగి, కాగితం మీద జవాబు తెచ్చుకున్నాకే మామూలు రైళ్ళను వదలాలని రైల్వే రూలు. ఆ పద్ధతిలో రైళ్ళు గంటలకొద్దీ ఆలస్యమవుతాయి. ప్రయాణికులు తిడతారు. "తిట్టనీ. తిట్టడానికి వాళ్ళుండాలిగా" అన్నారు నాన్న.

చెప్పొద్దూ... నాలుగు పుస్తకాలు చదివినా నాకు ఎక్కని విషయం ఆ ఒక్క మాటతో ఎక్కింది. మౌనం అంటే మరణం కాదు. అవతలివాడు నిజంగా లైను మీద లేడని రుజువయ్యేదాకా నువ్వు బయలుదేరకూడదు.

కంప్యూటర్లలో ఆ రుజువును కాస్త మొరటుగా సంపాదిస్తారు. ఆ పద్ధతి పేరు స్టోనిత్. 'షూట్ ది అదర్ నోడ్ ఇన్ ది హెడ్' అన్న మాటల్లో మొదటి అక్షరాలు. అవతలి యంత్రం తలకాయ పేల్చెయ్యమని! నిజంగా పేల్చరు లెండి. అవతలిది పలక్కపోతే దాని కరెంటు ప్లగ్గును దూరం నుంచే కత్తిరించి, పోయిందని ఖాయం చేసుకున్నాకే తాను పని అందుకోవాలి. రెండూ ఒకేసారి ఒకదాన్నొకటి కాల్చుకోకుండా ఒకదాని చేతికి కొన్ని సెకన్ల ఆలస్యం పెడతాం. ఈ పేరు చెప్పినప్పుడు అమ్మ "అవేం పేర్లురా, రౌడీల్లాగా" అంది.

ఇంకో పద్ధతి కోరం. ఇద్దరే ఉంటే ఎవరిది మెజారిటీ? తేలదు. మూడోది ఒకటుంటే రెండు ఓట్లు కలిసినవైపు పని సాగుతుంది. ఒంటరిగా మిగిలింది తనంతట తానే చేతులు ముడుచుకుంటుంది. ఊళ్ళో ఇద్దరు వాదించుకుంటే మూడో మనిషిని పిలవడం లాంటిదే. ఆసుపత్రిలో తీగలు రెండు దారుల్లో వేశాం. ప్లగ్గు కత్తిరించే ఏర్పాటు పెట్టాం. ఆ తర్వాత అక్కడ రెండు నిజాలు పుట్టలేదు.

ఈ చిక్కు పెద్ద పెద్దవాళ్ళనూ వదల్లేదు. నమ్మకంలేని దారిలో ఎన్ని కబుర్లు పంపుకున్నా ఇద్దరూ ఒకే మాట మీద ఉన్నారని పూర్తిగా తేల్చుకోలేరని 1975లో ముగ్గురు పరిశోధకులు ఒక పత్రంలో రాశారు. ఆ ముగ్గురిలో ఒకరి పేరు కె.ఏకనాథం. తర్వాత 1978లో జిమ్ గ్రే దానికి 'ఇద్దరు సేనాధిపతుల సమస్య' అని పేరు పెట్టాడు. 2018 అక్టోబరు 21న ప్రపంచంలోని ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే గిట్‌హబ్‌లో ఒక పరికరం మారుస్తుండగా అమెరికా తూర్పు తీరంలో ముఖ్యమైన లింకు తెగింది. ఎంతసేపనుకున్నారు? 43 సెకన్లు. ఆ కాస్తలోనే ఫెయిలోవర్ సాఫ్ట్‌వేర్ పనిని పశ్చిమ తీరానికి అప్పగించేసింది. తూర్పున రాసినవి కొన్ని పడమటికి చేరలేదు. పడమటి రాతలు తూర్పున లేవు. అన్నీ సర్దుకోడానికి పట్టిన సమయం 24 గంటల 11 నిమిషాలు. సైటు నెమ్మదించినా ఫర్వాలేదు, జనం దాచుకున్నది పోకూడదని వాళ్ళు తీసుకున్న నిర్ణయం వల్లే అంత ఆలస్యం. నాన్న భాషలో చెప్పాలంటే ట్రాలీ పంపి లైన్ క్లియర్ తెచ్చుకున్నారు.

ఆరున్నర మిస్డ్ కాల్

2011లో అమ్మ పోయింది. నాన్న మార్కాపురం వదిలి రానన్నారు. నేను హైదరాబాదులో, అన్నయ్య అమెరికాలో. 'ఒక్కడివీ ఎలా ఉంటావు' అని మేం, 'స్టేషన్లో నైట్ డ్యూటీలు ఒక్కణ్ణే చేశానురా' అని ఆయన. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. రోజూ పొద్దున ఆరున్నరకి నాన్న నాకొక మిస్డ్ కాల్ ఇవ్వాలి. మాట్లాడక్కర్లేదు. ఒక రింగు చాలు.

"గుండె చప్పుడన్నమాట" అన్నాను నవ్వుతూ.

"మరి రాకపోతే ఎంతసేపు ఆగుతావు?" అన్నారు. అసలు ప్రశ్న ఆయనకి వెంటనే తట్టింది చూశారా!

అంకెలు రాసుకున్నాం. ఏడింటిదాకా చూడాలి. అప్పుడు నేను ఫోన్ చేయాలి. ఏడున్నరకి కూడా ఎత్తకపోతే ఎదురింటి టీచరమ్మగారికి చెప్పాలి. ఆవిడ రిటైరైన ఉపాధ్యాయురాలు, ఒక్కరే ఉంటారు. మా ఇంటి రెండో తాళంచెవి ఆవిడ దగ్గర పెట్టాం. గుమ్మం పక్కన నాన్న మార్కాపురం పలక ఒకటి తగిలించి, మా ఇద్దరి నంబర్లూ, ఆవిడ నంబరూ సుద్దముక్కతో రాశారు.

మొదటిసారి రింగు రానిది ఒక శనివారం. నేను టీచరమ్మగారికి ఫోన్ చేశాను. నాకు తెలీకుండా అన్నయ్య కూడా నాన్నకి ఫోన్ చేసి, ఎత్తకపోయేసరికి కంగారుపడి ఒంగోలులో ఉన్న స్నేహితుడితో చెప్పి అంబులెన్సు మాట్లాడాడు. అరచెయ్యంత పూలపొట్లంతో గుడి నుంచి వస్తున్న నాన్నకి ఇంటిముందు టీచరమ్మగారూ, వీధిలో సగంమందీ కనపడ్డారు. కాసేపటికి అంబులెన్సూ వచ్చింది. ఫోన్ చార్జింగ్ అయిపోయి ఇంట్లోనే ఉందిట.

"మీ ఇద్దరికీ టోకెన్ లేదుట్రా?" అన్నారు మళ్ళీ. నిజమే, ఇంట్లోనూ స్ప్లిట్ బ్రెయినే! ఆ రోజు నుంచి రూలు మార్చాం. కబురు పంపే పని ఒక్కరిదే. అది నాది. నేను ప్రయాణంలో ఉంటే ముందురోజే అన్నయ్యకి మెసేజి పెడతాను. 'తీసుకున్నాను' అని వాడు జవాబిచ్చేదాకా బాధ్యత నాదే. రైల్వేలో మాట ఖాయం చేసుకోడానికి స్టేషన్ మాస్టర్లు ప్రైవేట్ నంబర్లు ఇచ్చిపుచ్చుకుంటారు. నాన్న మాకూ అదే అలవాటు చేశారు. ఇప్పటికీ అన్నయ్య 'తీసుకున్నాను' పక్కన రెండంకెల నంబరు ఒకటి రాస్తాడు.

అప్పుడప్పుడూ పరీక్ష కూడా పెట్టేవాళ్ళం. మా వృత్తిలో అది తప్పనిసరి. పనిచేస్తున్న యంత్రం ప్లగ్గును పనిగట్టుకుని పీకి, రెండోది అందుకుంటుందో లేదో చూస్తాం. చూడని ఫెయిలోవర్ ఉన్నా లేనట్టే. నేను ఊరెళ్ళినప్పుడు ఒకసారి టీచరమ్మగారిని తాళంచెవి తెచ్చి తలుపు తీయమన్నాను. తాళం రాలేదు! అంతకు రెండు నెలల ముందే తాళం చెడిపోతే నాన్న కొత్తది వేయించారు. ఆవిడ దగ్గరున్న చెవి పాతది. నాన్న ఆ రోజు ఏమీ అనలేదు. సాయంత్రానికి బజారుకెళ్ళి కొత్త చెవి చేయించుకొచ్చి ఆవిడకిచ్చారు.

అలాగే మౌనాన్ని చూసి భయపడకూడదన్న పాఠం 2014లో మళ్ళీ గుర్తుచేసుకున్నాం. అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు అక్కడున్న బాబాయి వాళ్ళతో మూడు రోజులు మాట లేదు. అన్నయ్య అక్కడి నుంచి నిమిషానికో ఫోను. "ఊరంతటికీ ఫోన్లు లేవురా. మీ బాబాయి ఒక్కడే పలక్కపోతే వేరు" అన్నారు నాన్న. నాలుగోరోజు బాబాయే ఎక్కడి నుంచో ఫోన్ చేసి, పెరట్లో చెట్లన్నీ పడిపోయాయనీ, తాము బాగానే ఉన్నామనీ చెప్పాడు. మా వృత్తిలోనూ అంతే. ఒక యంత్రం పలక్కపోతే దాన్ని అనుమానించాలి. అన్నీ పలక్కపోతే ముందు తీగను చూసుకోవాలి.

ఇక అసలు సంగతి. ఆ ఐదేళ్ళలో మొత్తం మూడుసార్లు ఉత్తుత్తి గంట మోగింది. ఒకటి గుడి. ఒకటి నాన్న ఫోను దిండు కింద సైలెంట్‌లో ఉండిపోవడం. ఇంకోటి రాత్రంతా కరెంటు లేక ఫోను చచ్చిపోవడం. మూడుసార్లూ టీచరమ్మగారు మోకాళ్ళ నొప్పులతో మెట్లు దిగి, వీధి దాటి, తాళంచెవి పట్టుకుని వచ్చారు. మూడుసార్లూ నాన్న నవ్వుతూ ఎదురొచ్చారు. 'పోనీ ఆగుదాం, ఇంకో గంట చూద్దాం' అని ఆవిడకి అనిపించినా తప్పుపట్టలేం.

2017 జనవరిలో ఒక రోజు మళ్ళీ రింగు రాలేదు. ఏడింటికి చేస్తే ఎత్తలేదు. ఏడున్నరకి టీచరమ్మగారికి చేశాను. నాలుగోసారి కూడా ఆవిడ వచ్చారు. తలుపు తీస్తే నాన్న వంటింటి గుమ్మంలో పడి ఉన్నారు. షుగర్ బాగా పడిపోయింది. చెమటలు, మాట ముద్దముద్దగా ఉంది. ఆవిడ వెంటనే 108కి ఫోన్ చేశారు. నేను హైదరాబాదు నుంచి చేరేసరికి ఆసుపత్రిలో మంచం మీద కూర్చుని ఉన్నారు. ఇంకో రెండు గంటలు ఎవరూ చూడకపోయి ఉంటే ఏమయ్యేదో డాక్టరుగారు మెల్లిగా చెప్పారు. ఆ మాట ఇక్కడ రాయలేను.

అంకెల ఫైలు ముందు కూర్చున్నప్పుడల్లా నాకిప్పుడు ఇదే గుర్తొస్తుంది. 5 పెట్టాలా 30 పెట్టాలా అన్నది యంత్రం చెప్పదు. ఉత్తుత్తి గంటలు ఎన్ని భరించగలం, నిజమైన గంట ఎంత ఆలస్యంగా వినపడితే తట్టుకోగలం... ఈ రెండింటి మధ్య ఒక అంకె వేయడమే. ఆ అంకె వెనక వీధి దాటి వచ్చే మనిషి ఓపిక కూడా ఉంటుంది.

కోలుకున్న వారానికే నాన్న ఇంటికెళతానని పట్టుబట్టారు. మా భాషలో దీన్ని ఫెయిల్‌బ్యాక్ అంటారు. పడిలేచిన యంత్రం తన పని తనకి ఇచ్చెయ్యమనడం. తనంతట తానే లాగేసుకునేలా ఆ సెట్టింగును 'ఆన్'లో పెట్టొచ్చు. నేను పెట్టను. ఎందుకు పడిందో తెలీకుండా పని అప్పగిస్తే మళ్ళీ పడుతుంది. లేవడం, పడటం, లేవడం... మధ్యలో జనం నలిగిపోతారు. ముందు కారణం తెలియాలి, కొన్నాళ్ళు పక్కన ఉండి చూడాలి, తర్వాత పగటిపూట అందరం మెలకువగా ఉన్నప్పుడు మార్చాలి. ఇదే చెప్పాను. "ప్రమాదం జరిగిన ఇంజిన్ని షెడ్డుకి పంపకుండా లైను మీదికి వదలరులే" అని ఆయనే ఒప్పుకున్నారు. మూడు నెలలు మా ఇంట్లో ఉండి, మందులు సరిచూసుకుని, అప్పుడు వెళ్ళారు. 2021లో ఆయనే సామాను సర్దుకుని హైదరాబాదు వచ్చేశారు.

ఇప్పుడు మేం వాడేది ఆ పాత హార్ట్‌బీట్ కాదు. పేస్‌మేకర్, కోరోసింక్ అని వచ్చాయి. కోరోసింక్‌లో యంత్రాలన్నీ ఒక వలయంలా కూర్చుని ఒక చీటీని ఒకదాని చేతి నుంచి ఇంకోదాని చేతికి అందిస్తుంటాయి. చీటీ చేతిలో ఉన్నదే మాట్లాడాలి. అది ఇంతసేపట్లో రాకపోతే ఏదో జరిగిందని లెక్క. ఆ సెట్టింగు పేరేంటో తెలుసా? టోకెన్! నాన్నకి చెబితే "ఇప్పటికి తెలిసొచ్చిందన్నమాట" అని పేపరు తిప్పారు.

ఈ వ్యాసం చదివాక మీరు సర్వర్లేమీ కొననక్కర్లేదు. ఊళ్ళో ఒంటరిగా ఉన్న పెద్దవాళ్ళుంటే మాత్రం నాలుగు అంకెలు వేసుకోండి. రోజూ ఏ వేళకి కబురు రావాలి, రాకపోతే ఎంతసేపు ఆగాలి, ఎవరు ఎవరికి చెప్పాలి, తలుపు ఎవరు తీస్తారు. అందరూ చేస్తారనుకుంటే ఎవరూ చేయరు, లేదా అందరూ చేసేసి అంబులెన్సు వస్తుంది. కాబట్టి పేరు పెట్టి ఒక్కరికే అప్పగించండి. ఏడాదికోసారైనా ఆ తాళంచెవి తిప్పి చూడండి.

టీచరమ్మగారు ఇప్పుడూ మార్కాపురంలోనే ఉన్నారు. పిల్లలు దూరాన ఉన్నారు. రోజూ ఆరున్నరకి నాన్న ఫోను ఒకసారి మోగి ఆగిపోతుంది. ఆయన కాఫీ గ్లాసు పక్కన పెట్టి, టైము చూసి, పలక మీద ఒక గీత గీస్తారు. మొన్న ఆవిడకి తనే ఫోన్ చేసి, రెండో తాళంచెవి ఎవరి దగ్గరుంచారో అడిగారు. పక్కింట్లో అద్దెకున్న బ్యాంకు అబ్బాయి దగ్గరుందని ఆవిడ చెప్పారు.

"అతనితో ఒకసారి తీయించి చూశారా అమ్మా?" అన్నారు నాన్న.